దూరపు కొండలు... దగ్గరికెళ్లి చూస్తే!

ఆకాశాన్నంటే కొండ. దాని అంచు నుంచి పాలకుండ ఒలికినట్టు దూకే జలపాతం. దాని పక్కనే రాళ్లు పట్టుకుని పైకెక్కే కుర్రాడు... జారిపడతాడు, మళ్లీ ఎక్కుతాడు. 2015 జులై 10న ‘బాహుబలి’ విడుదలైనప్పుడు ‘నాన్నా, ఈ జలపాతం ఎక్కడుంది? సెలవులకి వెళ్దామా?’ అని అడిగిన పిల్లలెందరో! పాపం, ఆ నాన్నలేం చెబుతారు? ఆ చోటుకి బస్సు లేదు, రైలూ లేదు. కేరళలోని అతిరపల్లి జలపాతం స్ఫూర్తితో, హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్‌ఎక్స్ సంస్థ నిపుణులు కంప్యూటర్లో సృష్టించిన 1,500 అడుగుల నీటిగోడ అది. అసలు అతిరపల్లి ఎత్తు 80 అడుగులే!

లేని కొండని ఉన్నట్టు చూపించడం ఎలా? కళ్లని అంతలా నమ్మించడం ఎలా సాధ్యం? జవాబులో సగం కంప్యూటర్ ముందు దొరుకుతుంది. మిగతా సగం కావాలంటే మాత్రం కొండల్లోకే వెళ్లాలి. హైదరాబాద్ నుంచి జనగామ, మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి చేరే దారి అందుకు చక్కటి పాఠ్యపుస్తకం. రాయి, చెట్టు, నీరు, వెలుతురు... ఒక్కో ఊరిదీ ఒక్కో పాఠం.

పెంబర్తి రేకులో తొలిపాఠం

హైదరాబాద్-వరంగల్ రహదారిలో జనగామ ఇంకాస్త దూరం ఉందనగా పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకుల మీద బొమ్మలు తీర్చే కళకు పేరున్న ఊరు. 2010లో ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చదునైన రేకుని కాచిన లక్క మీద పరిచి, చిన్న ఉలితో సుత్తితో కొడుతుంటే ఒకచోట లోతు పడుతుంది, ఇంకోచోట ఉబ్బు లేస్తుంది. చూస్తుండగానే రేకులోంచి ఏనుగు తొండమో నెమలి పింఛమో పైకి లేస్తుంది.

కంప్యూటర్లో కొండ పుట్టేదీ సరిగ్గా ఇలాగే. ముందు చదునైన వల లాంటి ఓ నేల ఉంటుంది. దాని మీద నలుపు తెలుపుల చిత్రాన్ని పరుస్తారు. తెల్లగా ఉన్నచోట నేల పైకి లేస్తుంది. నల్లగా ఉన్నచోట కిందికి దిగుతుంది. దీన్నే హైట్ మ్యాప్ అంటారు. పెంబర్తిలో సుత్తి చేసే పని ఇక్కడ లెక్కలు చేస్తాయన్నమాట!

ఆ లెక్కల వెనుక ఒక కథ ఉంది. అమెరికాలో విమానాలు తయారుచేసే బోయింగ్ సంస్థలో లోరెన్ కార్పెంటర్ అని ఓ ఉద్యోగి ఉండేవాడు. విమానం వెనకాల నిజమైన కొండలు కనిపించేలా కంప్యూటర్ బొమ్మలు వేయాలని ఆయన ఆశ. ఒక త్రిభుజాన్ని నాలుగు ముక్కలు చేసి మూలల్ని కాస్త పైకీ కిందికీ జరపడం, ఒక్కో ముక్కనీ మళ్లీ నాలుగు చేయడం... ఇలా చేసుకుంటూపోతే కొండ తయారైంది. గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ చెప్పిన ‘ఫ్రాక్టల్’ సూత్రమే దీనికి ఆధారం. కొండకొమ్ములో చిన్న రాయిని చూసినా, మొత్తం కొండని చూసినా ఒకేరకం గరుకుదనం కనిపిస్తుందన్నది దాని సారాంశం. 1980లో కార్పెంటర్ ‘వాల్ లీబ్ర్’ అనే రెండు నిమిషాల చిత్రం తీసి సదస్సులో చూపిస్తే జనం నోరెళ్లబెట్టారు. వెంటనే లూకాస్ ఫిల్మ్ నుంచి పిలుపొచ్చింది. 1982లో ‘స్టార్ ట్రెక్-2’ సినిమాలో ఆ కొండలు తెరకెక్కాయి. ఆ బృందమే తర్వాత పిక్సార్ సంస్థగా మారింది.

గుండు మీద గుండు

పెంబర్తి దాటి జనగామ చేరుతుంటే రోడ్డుకి అటూ ఇటూ తాటిచెట్లు, వాటి వెనకాల గుండు మీద గుండు పెట్టినట్టు రాతిగుట్టలు. ఇప్పుడో అప్పుడో దొర్లి పడిపోతాయేమో అనిపిస్తాయి. కానీ, ఎన్ని తరాలుగానో అలాగే ఉన్నాయి. ఈ ప్రాంతపు గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పగటి ఎండకు వేడెక్కి, రాత్రి చల్లబడి, పగుళ్లలోకి వాననీరు దిగి... ఉల్లిపాయ పొరల్లా రాయి పెచ్చులూడుతుంది. మూలలు ముందు అరుగుతాయి కాబట్టి కాలం గడిచేకొద్దీ బండ గుండ్రమవుతుంది.

కంప్యూటర్ కళాకారులు మొదట బోల్తాపడేది ఇక్కడే. గుండ్రటి బండ గీయడం తేలికే. కానీ నున్నగా, మచ్చలేకుండా ఉంటే అది ప్లాస్టిక్ బంతిలా కనిపిస్తుంది. నిజమైన బండ మీద వాననీరు జారిన నల్లటి చారలుంటాయి. నీడ పడే వైపు నాచు, ఎండ తగిలే వైపు తెల్లటి మరకలు, పగులులో మొలిచిన గడ్డి, కిందిభాగంలో మట్టిరంగు ఉంటాయి. అంటే రాయి గీస్తే చాలదు, ఆ రాయి మీదుగా నడిచిన కాలాన్నీ గీయాలి.

ఈ ‘సరిగ్గా లేకపోవడాన్ని’ కంప్యూటర్‌కి నేర్పినవాడు కెన్ పెర్లిన్. 1982 నాటి ‘ట్రాన్’ సినిమాకి పనిచేసిన ఆయనకి, కంప్యూటర్ బొమ్మలు మరీ యంత్రాల్లా ఉన్నాయనిపించింది. మబ్బుల్లో, పాలరాయిలో, మట్టిలో ఉండే గందరగోళాన్ని లెక్కగా మార్చాడు. ‘పెర్లిన్ నాయిస్’ అనే ఆ పద్ధతికి 1997లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం వచ్చింది. తెరమీది కొండల్లో చాలావాటికి గరుకుదనం ఆ దారిలో వచ్చిందే.

మానుకోటలో చెట్ల లెక్క

జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ వెళ్లొచ్చు. జనం నోట ఇప్పటికీ అది మానుకోటే. చెట్లే కోటగా ఉన్న ‘మ్రానుకోట’ కాలక్రమంలో మానుకోట అయిందని చెబుతారు. తండాలు, మిరప చేలు, కళ్లాల్లో ఎర్రటి తివాచీలా ఆరబోసిన మిరపకాయలు... ఆ వెనుక పచ్చటి గీతలా అడవి.

ఆ అడవిని కంప్యూటర్లో పెంచాలంటే? ప్రతి చెట్టునీ విడిగా గీస్తూ కూర్చుంటే జన్మ చాలదు. అందుకే పదో ఇరవయ్యో చెట్లని ఆకు ఈనెలతో సహా శ్రద్ధగా తయారుచేస్తారు. తర్వాత వాటినే వేలల్లో, లక్షల్లో నేలమీద చల్లుతారు. ఒకదాన్ని కాస్త తిప్పి, ఇంకోదాన్ని కాస్త పొడుగు చేసి, మరోదాన్ని కాస్త వంచి. రైతు విత్తనం చల్లినట్టే అనుకోండి!

అయితే ఎక్కడపడితే అక్కడ చల్లితే కుదరదు. వాగు పక్కన చెట్లు గుబురుగా ఉంటాయి. బండల నడుమ పలచబడతాయి. పొలం గట్టు మీద తాటిచెట్లు వరసగా నిలబడతాయి. పెద్ద మాను నీడలో చిన్నమొక్కలు ఎదగవు. పశువులు మేసే దారి పొడవునా గడ్డి పొట్టిగా ఉంటుంది. ఇవన్నీ మానుకోట రైతులకు చెప్పకుండానే తెలుసు. కంప్యూటర్‌కి మాత్రం ఒక్కోటీ నియమంగా చెప్పాలి. ఒక్క నియమం మరిచిపోయినా చూసేవాళ్లకి తప్పేమిటో తెలియదు కానీ, ‘ఏదో తేడాగా ఉంది’ అనిపిస్తుంది.

భీముని పాదం... రెండు సెకన్లు

మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో అడవి మధ్య ఉంది భీమునిపాదం జలపాతం. భీముడు పాదం మోపిన చోటని స్థానికుల నమ్మకం. వానాకాలంలో సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దూకుతుంటే చుట్టుపక్కల జిల్లాల నుంచి కుటుంబాలు క్యారియర్లు కట్టుకుని మరీ వస్తాయి.

ఆ నీటిలో ఒక పాయని కంటితో వెంబడిస్తే ఒక సంగతి తెలుస్తుంది. 70 అడుగులు దూకడానికి దానికి పట్టేది దాదాపు రెండు సెకన్లు. అదే 1,500 అడుగులైతే? గాలి అడ్డు లేదనుకున్నా దాదాపు పది సెకన్లు. ఎత్తు ఇరవై రెట్లు పెరిగితే సమయం అయిదు రెట్లలోపే పెరుగుతుంది. కాబట్టి చిన్న జలపాతం దృశ్యాన్ని సాగదీసి పెద్దది చేస్తే కన్ను ఇట్టే పట్టేస్తుంది. పైగా అంత ఎత్తు నుంచి పడే నీరు ధారగా కిందికి రాదు. దారిలోనే విచ్చిపోయి తుంపరై, పొగై, గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. జలపాతం తెల్లగా కనిపించేది కూడా నీటి రంగు వల్ల కాదు. నీళ్లలో చిక్కుకున్న గాలి బుడగలూ విడిపోయిన చుక్కలూ వెలుతురుని అన్నివైపులా చిమ్మడం వల్ల.

అందుకే గ్రాఫిక్స్ నిపుణులకి నీళ్లంటే భయం. కోట్లాది బిందువుల్ని సృష్టించి, ప్రతిదానికీ బరువు, వేగం, పక్క బిందువుతో ఢీకొట్టే తీరు లెక్కగట్టాలి. ‘బాహుబలి’ జలపాతం దృశ్యాల్లో కొన్నిటికి రెండేళ్ల దాకా సమయం పట్టిందంటే ఆశ్చర్యం లేదు. ఆ పనిలో ముందున్న మకుట సహ వ్యవస్థాపకుడు పీట్ డ్రేపర్ బ్రిటన్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ నిపుణుడు. అంతకు చాలాముందే, 2004లో, నిప్పు, నేల, గాలి, నీరు... వీటిని కంప్యూటర్లో సహజంగా ఎలా సృష్టించాలో నేర్పే పుస్తకం రాశాడాయన. మన పంచభూతాల్లో నాలుగు! మకుట బృందానికే 2012 నాటి ‘ఈగ’ సినిమాకి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం దక్కింది.

ద్వారక నుంచి ఓరుగల్లు దాకా

నిజానికి లేని ఊరిని ఉన్నట్టు చూపించడం మనవాళ్లకి కొత్తేమీ కాదు. 1957లో ‘మాయాబజార్’ కోసం వాహినీ స్టూడియోలో 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న చోట దాదాపు 300 బుల్లి ఇళ్లు కట్టి, ఒక్కోదాంట్లో విద్యుద్దీపం వెలిగించి ద్వారకా నగరాన్ని నిలబెట్టారు. కళాదర్శకులు గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్ట్లే. ఇళ్లని బుల్లివి చేయొచ్చు కానీ నీటిచుక్కని చేయలేం. ఎంత చిన్న తొట్టిలో పోసినా చుక్క చుక్కంతే ఉంటుంది. బుల్లి సెట్లలో నది, సముద్రం తేలిపోయేది అందుకే. కంప్యూటర్ వచ్చాకే ఆ చిక్కు తీరింది.

గూడూరు నుంచి నర్సంపేట వైపు వెళ్తే పాకాల అడవులు. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడి కాలంలో, పదమూడో శతాబ్దంలో కట్టిన పాకాల చెరువు ఇక్కడే. మనుషులు కట్టినదని చెబితేనే తెలుస్తుంది. ఎనిమిది వందల ఏళ్లలో అడవి దాన్ని తనలో కలిపేసుకుంది. ఆ కాకతీయుల ఓరుగల్లుని 2015 అక్టోబరులో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమా తెరమీద మళ్లీ నిలబెట్టింది. తోట తరణి వేసిన సెట్లకు గ్రాఫిక్స్ తోడయ్యాయి.

నింగి నుంచి కనిపించనిది

పరకాల దాటి భూపాలపల్లి దారి పట్టగానే నేల తీరు మారిపోతుంది. జనగామ గుండ్ల జాడ ఉండదు. ఇక్కడిది గోదావరి లోయ ఇసుకరాయి. పుస్తకాలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు అడ్డంగా పొరలు పొరలుగా ఉంటుంది. ఎరుపు, పసుపు, గోధుమ రంగులు. రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు ఈ రాయివే.

ఇలాంటి గుట్టని కంప్యూటర్లో కట్టాలనుకునేవారికి ఇప్పుడు గొప్ప సదుపాయం ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులపాటు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో నేల ఎత్తుల్ని కొలిచింది. ప్రపంచంలోని నేలలో 80 శాతం దాని లెక్కలోకి వచ్చింది. 2005లో మన ఇస్రో పంపిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో ఇదే పని చేసింది. ఆ ఎత్తుల పటాలు ‘భువన్’లో ఉచితంగా దొరుకుతాయి. ప్రతి 30 మీటర్లకు ఒక కొలత. యానిమేషన్ నేర్చుకునే కుర్రాడెవరైనా వాటిని దించుకుని, ఒక సాయంత్రంలో భూపాలపల్లి కొండల్ని తన కంప్యూటర్లో లేపొచ్చు. పొగమంచు చల్లి, పొద్దుటి ఎండ పోసి, ఫోటో అని నమ్మించనూ వచ్చు.

కానీ, ఆ గుట్టలో ఒకటి ఉండదు. పాండవుల గుట్టల్లో అసలైనదే ఉండదు!

హైట్ మ్యాప్‌లో ఒక చోటుకి ఒకే ఎత్తు ఉంటుంది. పైనుంచి చూస్తే కనిపించేది అంతే. కానీ ఇక్కడి ఇసుకరాయి గాలికీ వానకీ అరిగి, గొడుగులా ముందుకు పొడుచుకొచ్చి, కింద చావడి లాంటి నీడని మిగిల్చింది. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ... ఇలా ఒక్కో చోటుకీ ఒక్కో పేరు. ఆ నీడలో, రాతిగోడల మీద బొమ్మలున్నాయి. అడవిదున్న, జింక, పులి, చిరుత. విల్లు, బాణాలు, కత్తులు. వలయాలు, చతురస్రాలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో. రాతియుగం నుంచి చారిత్రక కాలం దాకా వేర్వేరు తరాల వాళ్లు గీసినవి. 1990లో ఇవి వెలుగులోకి వచ్చాయి.

ఆ చావడిలో నిలబడితే వెలుతురు పాఠం కూడా పూర్తవుతుంది. సూర్యుడు నేరుగా లోపలికి రాడు. బయటి ఎర్రనేల మీద పడ్డ ఎండ ఎగిరొచ్చి గోడని తాకుతుంది. అందుకే నీడ కూడా నల్లగా ఉండదు, లేత ఎరుపుగా ఉంటుంది. ఇలా ఒక వస్తువు నుంచి ఇంకోదానికి ఎగిరే వెలుతురుని లెక్కకట్టడమే ఇప్పటి గ్రాఫిక్స్‌కి ప్రాణం. సినిమాలో సెకనుకి 24 చిత్రాలు. ఒక్కో చిత్రానికి గంట పట్టిందనుకున్నా పది సెకన్ల దృశ్యానికి ఒక కంప్యూటర్ పది రోజులు నడవాలి. వందల కంప్యూటర్లని ఒకేసారి నడిపించేది అందుకే. అదే వెలుతురులో, కేవలం చేతివేళ్లూ మట్టిరంగులూ నమ్ముకుని, ఒక మనిషి తను చూసిన అడవిదున్నని ఇంకొకరికి చూపించాలనుకున్నాడు. పని ఒక్కటే, పనిముట్లే మారాయి.

కొండ పోతే...

‘కంప్యూటర్లో ఎలాంటి కొండనైనా చేసుకోవచ్చు కదా, అసలు కొండలతో పనేంటి?’ అనిపించొచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం కూడా ఈ దారిలోనే దొరుకుతుంది.

మహబూబాబాద్ జిల్లాలో గ్రానైట్ క్వారీలున్నాయి. 250 కోట్ల ఏళ్ల రాయి పలకలుగా మారి లారీలెక్కుతుంది. భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి మెట్లుమెట్లుగా కొత్త గుట్టలై నిలబడుతుంది. ఇల్లు కట్టాలన్నా దీపం వెలగాలన్నా ఇవి కావాలి, కాదనలేం. వేలమందికి అదే జీవనాధారం. కానీ, పోయిన గుట్ట తిరిగి రాదన్నదీ అంతే నిజం. ఎండీవర్ కొలతల్లో ఉన్నవి 2000 ఫిబ్రవరి నాటి గుట్టలు. ఆ తర్వాత క్వారీకి కరిగిపోయిన పెద్ద గుట్ట ఏదైనా ఉంటే, అది నేలమీద లేకపోయినా ఆ అంకెల్లో మాత్రం నిలబడే ఉంటుంది. అయితే ఆ అంకెలకి దాని ఎత్తే తెలుసు. దాని బండకింది నీడ, ఆ నీడలో ఎవరైనా గీసిన బొమ్మ తెలియవు.

అఫ్గానిస్థాన్‌లోని బామియాన్‌లో ఇసుకరాతి కొండకి చెక్కిన మహా బుద్ధ విగ్రహాల్ని 2001 మార్చిలో పేల్చేశారు. తర్వాత జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్ద విగ్రహాన్ని కంప్యూటర్లో మళ్లీ నిర్మించారు. అది సాధ్యమైంది... 1970లో ఆస్ట్రియా ప్రొఫెసర్ ఒకాయన కొలతలకు పనికొచ్చేలా శ్రద్ధగా ఫోటోలు తీసి ఉంచడం వల్ల. ఎవరో ఒకరు అక్కడికి వెళ్లారు కాబట్టి.

ఇప్పుడు అందుకు ప్రొఫెసరే అవసరం లేదు, మామూలు ఫోన్ చాలు. ఒక బండ చుట్టూ తిరుగుతూ, ఒక ఫోటోలో కనిపించినదాంట్లో సగానికి పైగా తర్వాతి ఫోటోలోనూ వచ్చేలా వందో రెండొందలో తీస్తే, వాటి నుంచి ఆ బండ ఆకారాన్ని కంప్యూటరే తయారుచేస్తుంది. ఫోటోగ్రామెట్రీ అంటారు దీన్ని. సినిమాల్లో, వీడియో గేముల్లో కనిపించే రాళ్లలో ఎన్నో నిజమైన రాళ్లని ఇలా ఫోటోలు తీసి తెచ్చుకున్నవే. విహారానికి వెళ్లిన కుటుంబం సెల్ఫీలతోపాటు ఓ అరగంట ఈ పని చేసినా ఊరి గుట్టకి ఒక గుర్తు మిగులుతుంది. గోడల మీది బొమ్మల్ని మాత్రం చేత్తో తాకకూడదు, తడపకూడదు. వాటి పక్కన పేర్లు చెక్కడం గురించి చెప్పక్కర్లేదు.

దూరపు కొండలు నునుపంటారు పెద్దలు. గ్రాఫిక్స్ వాళ్లకి ఇది సామెత కాదు, రోజువారీ సూత్రం. దూరంగా ఉన్న కొండకి వివరాలు తగ్గించి, కాస్త నీలిరంగు పూసి వదిలేస్తారు. కంప్యూటర్ శ్రమ తగ్గుతుంది. చూసేవాళ్లకీ తేడా తెలియదు. కానీ, పాండవుల గుట్టల దగ్గర రోడ్డు మీద కారాపి, ‘భలే ఉంది’ అనుకుని వెళ్లిపోయేవాళ్లకి కనిపించేదీ ఆ నునుపైన కొండే. చెప్పులకి దుమ్మంటినా ఫర్వాలేదనుకుని ఇంకాస్త పైకెక్కి, బండకింద తలవంచి చూసినవాళ్లకే అడవిదున్న కనిపిస్తుంది.

ఇలా వెళ్లొచ్చు

జనగామకి సికింద్రాబాద్-కాజీపేట మార్గంలో రైళ్లున్నాయి, బస్సులూ ఎక్కువే. మహబూబాబాద్ కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో ఉంది. భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో వెళ్లాలి. భీమునిపాదం చూడాలంటే వానలు పడ్డాక, జులై నుంచి అక్టోబరు లోపు వెళ్లాలి. నీటి ఉద్ధృతి ఎక్కువగా ఉన్నప్పుడు పిల్లల్ని దగ్గరికి పంపొద్దు. పాండవుల గుట్టలకి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ బాగుంటుంది. దారి తెలిసిన స్థానికుల్ని వెంట తీసుకెళ్లాలి, తాగునీరు మరిచిపోవద్దు. ఓపికుంటే గణపురం కోటగుళ్లు, పొరుగునే ములుగు జిల్లాలో ఉన్న రామప్ప గుడి కూడా అదే ప్రయాణంలో చూసి రావచ్చు.